పద్దెనిమిదికి ఆర్నెల్లు తక్కువ

డిసెంబరు మధ్యాహ్నం, కృష్ణా డెల్టాలో ఒక రైసు మిల్లు. గేటు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఊక దుమ్ము మీ కనురెప్పల మీద వాలుతోంది. తుడుచుకున్నకొద్దీ కళ్ళు మండుతాయి, వదిలేయండి. కాటా గది పక్క నీడలోకి రండి. ఇక్కణ్ణుంచి ఇద్దరూ కనపడతారు.

బస్తాల లెక్క రాస్తున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. పొద్దున సర్కారు కాలేజీలో బీకాం, సీజనులో మధ్యాహ్నం నుంచి గుమస్తాకి సాయం. తలకి కండువా చుట్టుకుని, 75 కిలోల బస్తాని వీపు మీదికి తీసుకుంటున్న హమాలీ వాళ్ళ నాన్న. మేడ మీద బట్టలు తీస్తున్న అమ్మాయి మిల్లు యజమాని కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం. తీగ మీద ఉన్నది ఒక్క తువ్వాలే. దాన్నే తీసి, మడిచి, మళ్ళీ ఆరేస్తోంది.

కింద కుర్రాడు తలెత్తడు. జేబులో ఫోను వణుకుతుంది. "ఒక్కసారి పైకి చూస్తే ఏం పోతుంది?" పుస్తకం మీదికి వంగినట్టే వంగి జవాబు కొడతాడు. "మీ నాన్నగారు కాటా దగ్గరే ఉన్నారండి."

"మళ్ళీ అండీనా!"

అతను నవ్వాపుకుంటాడు. అంకె తప్పు పడింది, కొట్టేసి మళ్ళీ రాశాడు. గుమస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు.

మీకిక్కడ ఏదో సినిమా గుర్తొస్తే తప్పు మీది కాదు. పేదింటి కుర్రాడినీ ఆస్తిపరుడి కూతుర్నీ కలపడం మన తెరకి అలవాటే. తెర పెద్దగా పట్టించుకోనిది టెన్త్ మెమోలో ఉన్న పుట్టిన తేదీ. దాని ప్రకారం ఈ పిల్లకి ఈ నెలకి పదిహేడేళ్ళ నాలుగు నెలలు.

ఫిబ్రవరిలో ఫోను వాళ్ళ నాన్న చేతిలో పడింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. తెల్లారితే హైదరాబాదులో బాబాయి ఇంటికి పంపేస్తారని తేలింది.

పదండి, బస్టాండుకి. ఇంకా చీకటి విడలేదు. టీ బంకు దగ్గర గిన్నెల చప్పుడు. విజయవాడ బస్సులో వెనక సీటు. ఆమె కాలేజీ బ్యాగులో రెండు జతల బట్టలు, అలవాటు కొద్దీ పెట్టుకున్న ఫిజిక్సు రికార్డు. "నా గొలుసూ గాజులూ తెస్తానన్నానుగా, ఎందుకు వద్దన్నావు?" అంటుంది. "బంగారం వద్దండి. దొంగతనం కేసు పెడతారు." మిల్లు వాకిట్లో పెరిగినవాడికి ఆ మాత్రం తెలుసు. తాళమున్న బీరువాకి ఎంత దూరంలో మసలాలో వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. అంతకన్నా పెద్ద కేసొకటి ఉంటుందని మాత్రం ఆమెకీ తెలియదు.

మూడో రోజు సాయంత్రం మీరు పోలీసు స్టేషన్లో, రైటర్ బల్లకి ఎదురు బెంచీ మీద ఉన్నారు. స్నేహితుడి గదిలో దొరికారట. అమ్మాయి మెళ్ళో పసుపుకొమ్ము కట్టిన తాడుంది. మిల్లు యజమాని ఎస్సై గదిలో కుర్చీలో కూర్చున్నాడు, ఆయనకి టీ వెళ్ళింది. హమాలీ, అతని భార్య బయట వేపచెట్టు కింద నేల మీద. "అయ్యా, పిల్లోణ్ణి ఒక్కసారి చూపించండయ్యా. అన్నం తిన్నాడో లేదో" అని వచ్చేపోయే ప్రతి కానిస్టేబుల్నీ అడుగుతోందామె. హమాలీ మాట్లాడడు. రేపట్నుంచి తనకి మిల్లులో పని లేదు. పేటలో ఇంకెంతమందికి పోతుందో అన్నది ఆయన లెక్క.

"మెమో తెచ్చారా?" అన్నాడు రైటర్. గుమస్తా జిరాక్సు అందించాడు. రైటర్ వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆర్నెల్లు తక్కువ" అన్నాడు.

మొన్న అమ్మాయి కనపడటం లేదని రాసిన ఎఫ్ఐఆర్‌లో ఇవాళ కిడ్నాప్ చేరింది, దాని వెనకే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. అదే ఆర్నెల్లు ఎక్కువై ఉంటే? అబ్బాయికి పెళ్ళి వయసు 21 నిండకపోయినా సరే, మేజర్లయిన ఇద్దరూ ఇష్టపడి కలిసి ఉండొచ్చని 2018లో కేరళకి చెందిన నందకుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఇదే ఎస్సై వీళ్ళకి రక్షణ ఇవ్వాల్సి వచ్చేది.

ఇంకో సంగతి. అబ్బాయి పక్క మిల్లువారి కొడుకై, కులమూ ఒకటై ఉంటే మీరీ బెంచీ మీద ఉండేవారే కాదు. పెద్దమనుషులు వరండాలో కాఫీలు తాగి, "పిల్ల చదువయ్యాక ముహూర్తం పెట్టుకుందాం" అని లేచేవారు. అప్పుడూ చట్టం ఇదే, పిల్ల వయసూ ఇదే. స్టేషన్ మెట్లెక్కించింది వయసు కాదు, వేపచెట్టు కింద కూర్చున్నవాళ్ళ పేదరికం, పేట.

ఈ మిల్లు, ఈ ఇద్దరూ నా ఊహే. మిగతాది కాదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో 2016 నుంచి 2020 దాకా వచ్చిన 7,064 పోక్సో తీర్పుల్ని ఎన్‌ఫోల్డ్ సంస్థ పరిశీలిస్తే, 1,715 ప్రేమ వ్యవహారాలని తేలింది. ఫిర్యాదులు ఎక్కువగా తల్లిదండ్రులూ బంధువులూ ఇచ్చినవే.

మర్నాడు సర్కారు ఆసుపత్రిలో అమ్మాయి పక్కన మీరూ నిలబడి ఉన్నారు. వైద్య పరీక్షకి ఒప్పుకుంటావా అని డాక్టరమ్మ అడుగుతోంది, సంతకం కావాలంటోంది. అమ్మాయి తల అడ్డంగా ఊపుతుంది. తర్వాత మహిళా ఎస్సై చీరకట్టులో వస్తుంది, పిల్లల దగ్గర వాంగ్మూలం తీసుకునేటప్పుడు యూనిఫాం ఉండకూడదన్నది చట్టం. మంచి నియమం. "భయపడకమ్మా, జరిగింది చెప్పు" అంటుంది. "నేనే వెళ్దామన్నానండి" అంటుంది అమ్మాయి. ఎస్సై రాసుకుంటుంది. ఆ వాక్యం వల్ల కుర్రాడికి ఒరిగేది లేదు. 2012 నవంబరు 14న పోక్సో అమల్లోకి వచ్చిందగ్గర్నుంచీ పద్దెనిమిది నిండనివాళ్ళ ఇష్టానికి చట్టంలో విలువ లేదు. అంతకుముందు ఆ గీత పదహారు దగ్గర ఉండేది. 2019 సవరణ తర్వాత అత్యాచార నేరానికి కనీస శిక్ష పదేళ్ళు, రుజువైతే జడ్జి అంతకన్నా తగ్గించలేడు.

కోర్టు హాల్లోకి రండి. ఇప్పటికి అమ్మాయికి పద్దెనిమిది దాటింది. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఆమెకి కనపడకూడదు, అందుకని మధ్యలో తెర కట్టారు. ఆమె భయపడకుండా ఉండాలని. తెరకి ఇటు ఆమె మెడ సారించి అటు చూడాలని ప్రయత్నిస్తోంది. బెయిలు మీదున్న కుర్రాడికి చదువాగిపోయింది. వాళ్ళ నాన్న ఇప్పుడు వేరే ఊళ్ళో బస్తాలు మోస్తున్నాడు. ఇలాంటి కేసుల్లో అత్యధికం చివరికి కొట్టేస్తారు. ఇదీ కొట్టేయొచ్చు.

వయసుని పదహారుకి దించమని నేననను. పిల్లల్ని మాయమాటలతో లోబరచుకునే మగవాళ్ళకి అది దారి తెరుస్తుంది. 2023లో లా కమిషన్ కూడా 283వ నివేదికలో వయసు మార్చొద్దంది. పదహారూ పద్దెనిమిదీ మధ్యవాళ్ళు ఇష్టపడి కలిసిన కేసుల్లో మాత్రం శిక్ష విషయంలో జడ్జికి విచక్షణ ఇవ్వమంది. ఆ సిఫారసుని చట్టంలో చేర్చమని మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. ఈలోగా మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, ఈ చట్టం ఏం చెబుతుందో ఇవాళే కూర్చోబెట్టి చెప్పండి.