గాజు పలక నుంచి జేపీఈజీ వరకు: సికింద్రాబాద్ ఛాయాచిత్రాల రూపాంతర చరిత్ర

ఉపోద్ఘాతం

మీలో చాలామంది ఏదో ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నింపే ఉంటారు. ఫొటో జేపీఈజీ ఫార్మాట్‌లో ఉండాలి, సైజు 50 కేబీ మించరాదు వంటి నిబంధనలు అలాంటి దరఖాస్తుల్లో మామూలే. ఫోనులో తీసిన ఫొటోను వెబ్‌సైటు తీసుకోదు. నెట్ సెంటర్‌కు వెళితే అక్కడి అబ్బాయి ఏదో ఒక సైటు తెరిచి, రెండు నిమిషాల్లో ఫార్మాట్ మార్చి, సైజు తగ్గించి ఇస్తాడు. ఆ రెండు నిమిషాల్లో ఫొటోలో ఏం మారిందో, ఏం పోయిందో మనం అడగం. దరఖాస్తు వెళ్లిందా లేదా అన్నదే అప్పటి ఆందోళన.

చరిత్ర విద్యార్థి మాత్రం ఆ ప్రశ్న అడగాలి. ఛాయాచిత్రాన్ని మనం చారిత్రక ఆధారంగా వాడుకుంటాం. కానీ మన చేతికి వచ్చే పాత ఛాయాచిత్రం సాధారణంగా మొదట తయారైన రూపంలో ఉండదు. గాజు మీద పుట్టి, కాగితం మీదికి వచ్చి, అచ్చు బ్లాకుగా మారి, స్కాన్ అయ్యి, చివరికి ఫోను తెర మీద కనబడుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఏది మిగిలింది, ఏది పోయింది, పోయినదాన్ని తిరిగి రాబట్టుకునే దారి ఉందా అన్నవి మనం పరిశీలించాల్సిన అంశాలు. ఇందుకు సికింద్రాబాద్‌లో వెలసిన ఒక స్టూడియోను ఉదాహరణగా తీసుకుందాం.

దీన్‌దయాళ్ స్టూడియో

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేశాడు. 1870ల మధ్యలో కెమెరా పట్టాడు. 1885లో వైస్రాయి ఛాయాచిత్రకారుడిగా నియమితుడయ్యాడు. దాదాపు అదే కాలంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరి సికింద్రాబాద్‌లో స్టూడియో ప్రారంభించాడు. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు, చిత్రకారుడు. కెమెరాతో పనిచేసే వ్యక్తికి చిత్రకారుడి బిరుదు ఇవ్వడం ఆనాటి దృష్టిని తెలియజేస్తుంది.

సికింద్రాబాద్‌నే ఎందుకు ఎంచుకున్నాడో ఊహించడం కష్టం కాదు. మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన ఈ ఊరు బ్రిటిష్ సైన్యానికి పెద్ద కంటోన్మెంట్. స్వదేశానికి ఫొటోలు పంపాలనుకునే సైనికాధికారులు ఒకవైపు, వేట, విందు, దర్బారు అన్నిటికీ చిత్రాలు కావాలనుకునే నిజాం, ఆయన అమీర్లు మరొకవైపు. ఇద్దరికీ అందుబాటులో ఉండే చోటు సికింద్రాబాద్. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజముద్ర గుర్తింపు పొందాడు. 1905లో మరణించాడు.

మొదటి మార్పిడి: గాజు నుంచి కాగితానికి

ఇప్పటి ఫార్మాట్ మార్పిడికి పూర్వరూపం ఆనాటి డార్క్ రూములోనే కనబడుతుంది. కెమెరాలో పెట్టే గాజు పలక మీద వెండి లవణాల పూత ఉండేది. 1851లో వచ్చిన కొలోడియన్ పద్ధతిలో పలక తడిగా ఉండగానే ఫొటో తీసి, వెంటనే కడగాలి. కాబట్టి ఛాయాచిత్రకారుడు అడవికి వెళ్లినా, కోటకు వెళ్లినా డార్క్ రూమును గుడారంలో వెంట తీసుకువెళ్లేవాడు. 1871లో జెలటిన్ పొడి పలకలు కనుగొన్నారు. తర్వాతి దశాబ్దంలో అవి వాడుకలోకి వచ్చాక ఆ బాధ తప్పింది.

గాజు మీద ఏర్పడేది నెగటివ్. వెలుతురు నల్లగా, నీడ తెల్లగా ఉంటుంది. దీన్ని చూడదగిన బొమ్మగా మార్చడానికి గుడ్డు తెల్లసొన, ఉప్పు కలిపి పూసిన కాగితాన్ని వెండి నైట్రేట్‌లో ముంచి ఆరబెట్టేవారు. దాన్ని నెగటివ్‌కు అంటించినట్లు పెట్టి ఎండలో ఉంచేవారు. బొమ్మ ఎండలోనే పైకి తేలేది. ఆ తర్వాత బంగారు లవణంతో రంగు తేల్చి, హైపోలో ముంచి స్థిరపరిచేవారు. నెగటివ్ ఎంత ఉంటే ప్రింటు అంతే ఉంటుంది, కాబట్టి పెద్ద ఫొటో కావాలంటే పెద్ద గాజు పలకే మోయాలి. 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న పలకలు ఆ రోజుల్లో వాడుకలో ఉండేవి.

ఈ మార్పిడిలో కూడా నష్టం ఉంది. గాజు పట్టుకున్న వెలుగునీడల తేడాలన్నిటినీ కాగితం పట్టుకోలేదు. పైగా తెల్లసొన కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపు పచ్చబడుతుంది, లేత భాగాలు వెలిసిపోతాయి. అయితే నెగటివ్ ఉన్నంతకాలం కొత్త ప్రింటు తీసుకోవచ్చు. ప్రింటును మళ్లీ ఫొటో తీసి మరో నెగటివ్ చేస్తే మాత్రం, వెలిసిపోయిన భాగం వెలిసిపోయినట్లే అందులోకి వస్తుంది. మూలం నుంచి తీసిన నకలుకూ, నకలు నుంచి తీసిన నకలుకూ ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి. డిజిటల్ ఫార్మాట్లలోనూ ఇదే తేడా ఎదురవుతుంది.

మరో విషయం కూడా గమనించాలి. ఆ కాలపు ప్లేట్లు నీలి కాంతికి ఎక్కువగా, ఎరుపుకు చాలా తక్కువగా స్పందించేవి. అందువల్ల ఆనాటి కట్టడాల ఫొటోల్లో ఆకాశం తరచుగా మబ్బు జాడ లేకుండా తెల్లగా కనబడుతుంది. ఎర్రని బట్ట నల్లగా కనబడుతుంది. ఫొటోలో ఆకాశం ఖాళీగా ఉంది కాబట్టి ఆ రోజు నిర్మలంగా ఉందని రాస్తే, ప్లేటు లోపాన్ని వాతావరణానికి సాక్ష్యంగా తీసుకున్నట్లే.

దీన్‌దయాళ్ ప్రింట్ల అడుగున తరచుగా ఆయన పేరు, ఒక సంఖ్య కనబడతాయి. ఆ సంఖ్య నెగటివ్‌ది. ఫలానా ప్రింటు ఫలానా గాజు పలక నుంచి వచ్చిందని చెప్పేది అదే. ఎవరో ఆల్బంలో అతికించడం కోసం ప్రింటు అంచు కత్తిరిస్తే బొమ్మ చెడదు గానీ ఆ సంబంధం తెగిపోతుంది. అప్పుడది సికింద్రాబాద్ ఫొటోనా, ఇండోర్ ఫొటోనా, ఎవరిది, ఎప్పటిది అని వెతుక్కోవాలి.

ఇక అచ్చు సంగతి. పత్రికలో ఫొటో వేయాలంటే దాన్ని సన్నని చుక్కల బ్లాకుగా మార్చాలి. సిరా నలుపు ఒక్కటే కాబట్టి బూడిద రంగును పెద్ద చుక్కలు, చిన్న చుక్కలతో భ్రమింపజేస్తారు. పాత తెలుగు పత్రికల్లోని ఫొటోను భూతద్దంతో చూస్తే ఈ చుక్కలు మీకే కనబడతాయి.

డిజిటల్ రూపాలు

దీన్‌దయాళ్ సంస్థ గాజు నెగటివ్‌లలో 2,857ను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. గాజు పగిలితే పగిలినట్లే. అలాంటి సంపదను తరచుగా చేతుల్లోకి తీసుకోకుండా చూడాలంటే డిజిటల్ నకలు కావాలి. నకలు ఏ ఫార్మాట్‌లో ఉండాలన్నది అక్కడ అసలు సమస్య.

ఒక లెక్క చూద్దాం. 10 × 12 అంగుళాల పలకను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 6,000 × 7,200, అంటే 4 కోట్ల 32 లక్షల చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్క నలుపు తెలుపు స్థాయిని 16 బిట్లలో రాస్తే ఫైలు సుమారు 86 ఎంబీ అవుతుంది. దీన్ని ఉన్నదున్నట్లు దాచడానికి 1986లో ఆల్డస్ సంస్థ రూపొందించిన టిఫ్ ఫార్మాట్‌ను ప్రపంచవ్యాప్తంగా ఆర్కైవులు వాడుతున్నాయి. కానీ 86 ఎంబీని ఫోనులో ఎవరు తెరుస్తారు?

అందుకే 1992లో ప్రమాణంగా వచ్చిన జేపీఈజీ అంతగా వ్యాపించింది. దాని వెనక ఉన్న గణితాన్ని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రచురించారు. నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టినవాడు. కె. ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు తెలుగువారికి కొత్త కాదు. జేపీఈజీ బొమ్మను 8 × 8 చుక్కల గళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడిలో వెలుగు నెమ్మదిగా మారే తీరును, చురుగ్గా మారే తీరును వేరు చేస్తుంది. కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన మార్పులను మోటుగా రాస్తుంది, లేదా వదిలేస్తుంది. ఫైలు చాలా చిన్నదవుతుంది. వదిలేసినది మాత్రం తిరిగి రాదు.

ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. జేపీఈజీని టిఫ్‌గానో, పీఎన్‌జీగానో మారిస్తే నాణ్యత పెరుగుతుందని అనుకుంటారు. పెరగదు. వెలిసిన ప్రింటును పెద్ద గాజు పలక మీద ఫొటో తీసినట్లే అది. పలక పెద్దదవుతుంది, బొమ్మ అదే. ఒక ఫొటోను కొద్దిగా కత్తిరించి జేపీఈజీగా సేవ్ చేయండి. ఆ ఫైలును తెరిచి మళ్లీ కొద్దిగా కత్తిరించి సేవ్ చేయండి. ఇలా పదిసార్లు చేసి, మొదటి ఫైలును, పదో ఫైలును పక్కపక్కన పెట్టి, ముఖం అంచులను పెద్దవి చేసి చూడండి.

ఫార్మాట్ల చరిత్రను నడిపింది సాంకేతికత ఒక్కటే కాదు. 1987లో వచ్చిన జిఫ్‌లో రంగులు 256కు మించవు. అయినా ఇంటర్నెట్ తొలిరోజుల్లో అదే రాజ్యమేలింది. అందులోని కుదింపు పద్ధతిపై తమకు పేటెంటు ఉందని, రుసుము కట్టాలని యూనిసిస్ సంస్థ 1994 చివరలో కోరింది. దానికి ప్రతిగా ఎవరికీ రుసుము కట్టనక్కర్లేని పీఎన్‌జీ 1996లో తయారైంది. ఐఫోన్లు 2017 నుంచి వాడుతున్న హెచ్‌ఈఐసీని చాలా దరఖాస్తు సైట్లు గుర్తించకపోవడం ఈ వరుసలో తాజా ఇబ్బంది.

ఎవరి చేతుల మీదుగా?

ఆన్‌లైన్ మార్పిడి సైటులో ఫొటో పెట్టడమంటే సాధారణంగా దాన్ని ఎక్కడో ఉన్న మరొకరి కంప్యూటర్‌కు పంపడమే. మార్పిడి అక్కడ జరిగి, కొత్త ఫైలు మనకు తిరిగి వస్తుంది. మన పాత ఫైలును వాళ్లు తుడిచేశారో లేదో మనం చూడలేం. పువ్వు ఫొటో అయితే ఇబ్బంది లేదు. ఆధార్ కార్డు, కులధ్రువీకరణ పత్రం, ఇంట్లో ఆడపిల్లల ఫొటో అయితే ఆలోచించాలి.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుడి ముందుకు రారు. ఫొటో ఎంత బాగా వస్తుందన్నదానికంటే ముందు, అది ఎవరి చేతుల మీదుగా వస్తుందన్నదే ఆ కుటుంబాలు అడిగి ఉంటాయి. కంప్యూటర్లోనే పనిచేసే ఇమేజ్‌మ్యాజిక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 1990 నుంచే ఉంది. అలాంటిది వాడితే ఫైలు మన యంత్రం దాటి బయటికి పోదు.

మార్పిడిలో ఇంకొకటి కూడా పోవచ్చు. కెమెరా ప్రతి ఫొటోలోనూ తేదీ, సమయం, కొన్నిసార్లు తీసిన చోటు కూడా రాసిపెడుతుంది. ఫార్మాట్ మార్చినప్పుడు చాలా సందర్భాల్లో ఈ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. గోప్యత కోరుకునేవారికి అది మేలే. మీ ఊరి పాత గుడి ఫొటోలను ప్రాజెక్టు కోసం సేకరిస్తున్న మీకు మాత్రం, అది అంచు కత్తిరించిన ప్రింటుతో సమానం.

పుస్తకాల స్కానింగ్: హైదరాబాద్ అనుభవం

ఇదంతా పెద్ద ఎత్తున మన దగ్గరే జరిగింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉండి, పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలో అందించే ప్రయత్నానికి పూనుకున్నాడు. 2000ల ఆరంభంలో భారత డిజిటల్ గ్రంథాలయం దానిలో భాగంగా రూపుదిద్దుకుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దాని ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఇంకెక్కడా దొరకని తెలుగు పుస్తకాలు ఇందులో స్కాన్ అయ్యాయి.

అయితే ప్రతి పేజీ విడివిడిగా ఒక టిఫ్ ఫైలు. చదవాలంటే కంప్యూటర్‌లో ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాం వేసుకోవాలి. ఇళ్లలో అంత వసతి ఉన్నవాళ్లు తక్కువ. ఔత్సాహికులు ఆ పేజీలను దింపుకుని, వరుసగా పేర్చి, పీడీఎఫ్‌గా మార్చి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. తర్వాతి కాలంలో అసలు సైటు అందుబాటులో లేకుండా పోయినప్పుడు పాఠకులకు మిగిలినవి ఈ మార్చిన ప్రతులే. తెలుగు వికీసోర్స్‌లో పనిచేసేవారికీ అవి ఉపయోగపడ్డాయి. మార్పిడి వల్ల నష్టమే కాదు, రక్షణ కూడా జరుగుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

కానీ ఆ స్కానింగ్‌లో పేజీలను ఎక్కువగా నలుపు, తెలుపు రెండే స్థాయిల్లో తీశారు. అక్షరాలకు అది చక్కగా సరిపోతుంది, ఫైలు చిన్నగా ఉంటుంది. పుస్తకం మధ్యలో రచయిత ఫొటో ఉంటే మాత్రం బూడిద రంగులన్నీ పోయి నల్లటి మచ్చ మిగులుతుంది. టిఫ్‌ను పీడీఎఫ్ చేసినా, దాన్నుంచి మళ్లీ జేపీఈజీ తీసినా ఆ మచ్చ మచ్చే. ఆ ముఖం చూడాలంటే ఆ పుస్తకం ఉన్న గ్రంథాలయాన్ని వెతికి, బీరువాలోంచి తీయించి, ఆ ఒక్క పేజీని బూడిద స్థాయిలతో మళ్లీ స్కాన్ చేయాలి. ఆ పుస్తకం ఇంకా అక్కడ ఉండి, ఆ పేజీని ఎవరూ చింపుకుపోకపోతేనే అది సాధ్యం.