మేతలోకి మందు వచ్చిన దారి

కోళ్ల మేతలోకి యాంటీబయాటిక్ వచ్చింది రోగం కోసమే కాదు, బరువు కోసం కూడా. 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు జూక్స్, స్టోక్‌స్టాడ్ బి12 విటమిన్ కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. పిల్లలు అనుకున్నదానికంటే ఏపుగా పెరిగాయి. కారణం ఆ పిప్పిలో మిగిలిపోయిన మందేనని తేలింది. ఇక చిటికెడు మందు రోజూ మేతలో కలపడం వ్యాపారమైంది. ఆ కొద్ది మోతాదుకు బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, తట్టుకున్నది పెరిగింది. బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లోనే దీని గురించి హెచ్చరించింది. బరువు కోసం మేతలో మందు కలపడాన్ని స్వీడన్ 1986లో ఆపింది, ఐరోపా సమాఖ్య పూర్తిగా ఆపేసరికి 2006 వచ్చింది. మన దేశం కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది 2019లో.

యాంటీబయాటిక్‌కు బదులుగా మూలికల మీద ఆసక్తి పెరగడానికి ఈ నిషేధాలు ఒక ముఖ్య కారణం. ఒరెగానో నూనెలోని కార్వక్రాల్, మన వాములోని థైమాల్ బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. ప్రయోగశాల పళ్లెంలో మొండి ఇ.కోలై కూడా వాటికి లొంగుతుంది. అయితే పళ్లెం వేరు, కోడి పేగు వేరు. ఆ నూనె చాలావరకు పేగు పైభాగంలోనే ఇంకిపోతుంది, అందుకే పూత పూసి పంపాల్సి వస్తోంది. పైగా ఏ పంట ఘాటు ఆ పంటదే. తాతల నాడు పసుపు, వెల్లుల్లితోనే కోళ్లు బతకలేదా అని అడిగేవారున్నారు. అప్పుడు పెరట్లో తిరిగినవి పది కోళ్లు, షెడ్డులో పదివేలు కావు. కొక్కెర తెగులు వస్తే ఆ పదీ పోయేవి. అలాగని వాము దండగ అనడమూ తొందరపాటే. నిషేధం తర్వాత స్వీడన్ రైతులు ముందు మార్చుకున్నది షెడ్డు శుభ్రత, మేత, గాలి. వాము నూనె లాంటివి ఆలోచించాల్సింది ఆ తర్వాతే.