బరువు వెనుక గురువు

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఆ పతకానికి పాతికేళ్లు నిండాయి కనుక రజతోత్సవ సంచికలో అందరి చూపూ ఆమె ఊరు ఊసవానిపేట మీదే ఉంటుంది, ఉండాలి కూడా. పలాస, టెక్కలి ప్రాంతపు పాఠకుడికి మాత్రం ఇంకో ప్రశ్న మిగులుతుంది. పలాస బజారులో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. సిడ్నీ లెక్క సరిగ్గా మూడు బస్తాలు. అంతకు ఎన్నో రెట్లు బరువును కళాసీ ఒక్క పూటలో లారీకెక్కిస్తాడు. నౌపడ ఉప్పు మడుల్లో మోసేవాళ్లూ, బారువ, భావనపాడు తీరాల్లో వల లాగేవాళ్లూ అతనికి తీసిపోరు. కండబలం ఇంత ఉన్న నేల నుంచి కాక, ఆమదాలవలస పక్క పల్లె నుంచి ఒలింపిక్ పతకం ఎందుకొచ్చినట్టు? అక్కడ నేర్పేవాడు ఉన్నాడు కాబట్టి, అన్నది ఈ వ్యాసం చెప్పదలచిన మాట. మన శ్రీకాకుళం జిల్లాలో తాలింఖానా చరిత్ర రాయబోతే దొరికేది కట్టడాలూ శిలాఫలకాలూ కాదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వచ్చిన నేర్పు.

మోత వేరు, ఆట వేరు. కళాసీకి బస్తా బరువు ఏ రోజూ మారదు, మారేది బస్తాల సంఖ్యే. ఒళ్లు అలిసిందని బరువు తగ్గించుకునే వీలు లేదు, కోలుకోవడానికి వారం విడుపూ లేదు. ఆటలో ఇవాళ 60 ఎత్తినవాడికి వచ్చే నెల 65 ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆపాలో చూసే కన్ను ఒకటుంటుంది. ఈ తేడా మన దగ్గరే పుట్టలేదు. రష్యాలో ధాన్యం తూచే గిరి, పిడి ఉన్న ఇనుప గుండు, ఒక పూడ్ అంటే 16 కిలోల పైచిలుకు. సంతలో కుర్రాళ్లు పందెం కట్టి ఎత్తుతుండిన ఆ తూకపు రాయిని ఆటగా దిద్దడానికి వైద్యుడు వ్లాదిస్లావ్ క్రాయెవ్‌స్కీ పూనుకున్నాడు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన తన చుట్టూ చిన్న బృందాన్ని కూడగట్టాడు. ఆయన ఇంట్లో సాధన చేసినవాడే లోకప్రసిద్ధ మల్లుడు జార్జ్ హాకెన్‌ష్మిట్. సరిగ్గా వందేళ్లకు, 1985లో, ఆ గిరి ఆటకు సోవియట్ దేశంలో ఏకరీతి నియమాలు ఏర్పడ్డాయి. ఆ గిరే నేటి కెటిల్‌బెల్. దాని పోటీలో గుండును కింద పెట్టకుండా పది నిమిషాలు ఎత్తుతూ ఉండాలి. మన పల్లెల్లో సంక్రాంతికీ అమ్మవారి పండగలకీ సంగిడి రాయి ఎత్తే పందేలున్నాయి. సంత గుండుకున్న యోగ్యత సంగిడికీ ఉంది. లేనిదల్లా లెక్క రాసి, నియమం పెట్టి, ఏడాది పొడుగునా వెంట నిలిచే మనిషి.

కోడి రామమూర్తి నాయుడి సంగతేమిటని అడగవచ్చు. వీరఘట్టంలో పుట్టిన ఆయన గుండెల మీద ఏనుగును నిలుపుకున్నాడు, ఉక్కు గొలుసులు తెంచాడు, కదిలే కార్లను ఆపాడు, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆ బలం ఎవరు నేర్పితే వచ్చిందని వాదించేవారికి ఆయన జీవితమే జవాబు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాకే సర్కస్ గుడారంలోకి అడుగుపెట్టాడు. అంటే మొదట ఆయన పంతులు. సర్కస్ దేశాలు తిప్పింది, కీర్తి తెచ్చింది. డేరాతో పాటు విద్య కూడా ఊరూరా తిరిగింది. 1942లో ఆయన పోయాక శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు దక్కింది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం నిలిచింది. ఆయన పంతులుగానే ఉండిపోయి ఉంటే విగ్రహం ఉండేది కాదేమో గానీ, శిష్యులుండేవారు. అది మనకు నష్టమేనని నా అభిప్రాయం.

మల్లీశ్వరి దారి వేరు. గురువు నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ల ప్రాయంలో మొదలుపెట్టింది. ఆమె అక్కచెల్లెళ్లూ బరువులెత్తినవారే. ఇది ఒక్క పిల్లకు కలిగిన అదృష్టమైతే ఇంట్లో ఇందరు ఎందుకుంటారు? అదే ఆమదాలవలస ప్రాంతం నుంచి తర్వాత పూజారి శైలజ వచ్చింది. విజయనగరం పక్క కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లింది. దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. 1994, 95 ప్రపంచ స్వర్ణాలకూ సిడ్నీకీ మల్లీశ్వరిని సిద్ధం చేసింది జాతీయ శిబిరాలు, ప్రభుత్వ డబ్బు, 1980 ఒలింపిక్ విజేత లియోనిద్ తారనెంకో వంటి విదేశీ శిక్షకుడు కదా, పల్లె గురువుకి అంత గొప్ప ఎందుకు? ఇందులో సగం నిజముంది. సిడ్నీలో చివరి ప్రయత్నానికి 137.5 అడిగే ధైర్యం పల్లెలో రాదు. అది దక్కి ఉంటే స్వర్ణమే. తప్పింది. అయితే శిబిరం ఎవరినీ మొదటినుంచి తయారుచేయదు, తయారైనవాళ్లను ఏరుకుంటుంది. నడుము వంచకుండా బరువు ఎత్తడం పన్నెండేళ్ల పిల్లకు నేర్పింది ఎవరో, ఏరుకోవడానికి వచ్చినవారికి ఆమెను చూపింది ఎవరో, ఆ లెక్క పతకాల పట్టికలో కనబడదు.

ఉద్దానం దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. కారణం ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు విరిగే పని, నీరు తాగకపోవడం కూడా అనుమానాల జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చిన చోట బరువులెత్తమనడం బాధ్యతగల మాటేనా? జబ్బున్నవారిని ఎత్తమనడం తప్పే. వాళ్ల పిల్లల సంగతి వేరు. కొబ్బరి తోటల్లో, జీడి బట్టీల దగ్గర వాళ్లు ఎలాగూ మోస్తారు, అదీ మిట్టమధ్యాహ్నం, తాగేందుకు నీళ్లు లేకుండా. మోయడం మాన్పలేనప్పుడు దానికి పద్ధతి నేర్పేవాడు ఉండటం మేలు కదా. అయితే ఇక్కడి శిక్షకుడికి మామూలు శిక్షకుడికి లేని చదువు కావాలి. సాధన పొద్దుటే పూర్తి కావాలి, నీళ్లకు లెక్క ఉండాలి. హద్దు మీరిన సాధనలో కండ చితికి, ఆ వ్యర్థం కిడ్నీలకు చేటు చేస్తుందని అతనికి తెలియాలి. కండ పెరిగినా, ముందురోజు గట్టిగా సాధన చేసినా రక్తంలో క్రియాటినిన్ కొంత ఎక్కువ చూపవచ్చనీ తెలియాలి. ఆ చీటీ చూసి తానే తీర్పు చెప్పకుండా, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్ని కిలోలు ఎత్తించాడో పుస్తకం తెరిచి చూపించగలగాలి. ఇలాంటి ఒక మనిషికి నెల జీతం ఇవ్వడానికి పంచాయతీలు ఒప్పుకుంటే, స్టేడియం కోసం ఎదురుచూడక్కర్లేదు. కెటిల్‌బెల్‌కి చదునైన నేల, నీడ చాలు.