చింతపిక్కలతో వరద పాఠము: ఒక బల్ల ఆటకు పూర్వచరిత్ర

ఆటబొమ్మల దుకాణములు వెలయుటకు ఎంతో పూర్వమే మానవుడు ఆటలను కనిపెట్టెను. నేలపై సుద్దతో గీచిన గీతలు, చింతపిక్కలు, గవ్వలు, పగిలిన గాజుముక్కలు, గులకరాళ్లు: ఇవియే మన పూర్వుల ఆటసామగ్రి. ఈ సామగ్రితోనే, ఆపద వచ్చినప్పుడు ఇంటిలోని మామూలు వస్తువులతో ప్రాణము నిలుపుకొనుట ఎట్లో నేర్పు ఆటను ఒకదానిని కూర్పవచ్చునా? ఈ వ్యాసములో విచారింపదలచిన విషయమిది. ఇందుకు మూడు చరిత్రలను పరిశీలింపవలసియున్నది. మొదటిది ఆటల చరిత్ర. రెండవది వస్తువులు ప్రాణము కాపాడిన చరిత్ర. మూడవది శంషాబాదు పరిసరముల నీటి చరిత్ర.

మన యింటి ఆటలు

వైకుంఠపాళి మనకు బాగుగా తెలిసిన ఆట. పందెము ఎంత పడినచో అన్ని గళ్లు నడువవలెను. నిచ్చెన దొరికిన ఎక్కుదుము. పాము నోట పడిన దిగుదుము. ఇందు ఆటగాని తెలివికి పని లేదు. ఫలితమంతయు పందెము పైననే ఆధారపడియుండును.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది పులి-మేక. మూడు పులులు, పదునైదు మేకలు. ఇందు పందెము లేదు, అదృష్టము లేదు. ఒంటరిగా చిక్కిన మేక చచ్చును. ఒకదాని వెనుక ఒకటి నిలిచిన మేకలు పులిని కదలనీయక కట్టివేయును. బలహీనులు కూడి యుక్తితో బ్రదుకు విధానమే ఈ ఆట సారము.

అష్టాచెమ్మ ఈ రెండింటికి నడిమిది. నాలుగు గవ్వలుగాని, ఒక ప్రక్క అరగదీసిన నాలుగు చింతపిక్కలుగాని వేసి పందెము నిర్ణయింతురు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా 4; నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా 8. ఎంత పడుననునది మన చేతిలో లేదు. ఏ కాయను నడుపవలెననునది మన చేతిలో ఉన్నది. ఇక వామనగుంటలలో ఏడేసి గుంటలు గల రెండు వరుసలుండును. ఒక గుంటలోని గింజలను తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పోయుచు పోవుదురు. ఒకచోట తీసినది మరియొకచోట నిండుననునది ఈ ఆటలోని మర్మము.

ఈ నాలుగింటిలో మనకు కావలసిన ఆటకు వలయు యంత్రాంగమంతయు ఉన్నదని ముందు చూడగలము.

ఆట గంభీరమైన పనికి వచ్చుట

ఆటను శిక్షణకు వాడుట క్రొత్త సంగతి కాదు. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సైనికాధికారి, తన తండ్రి ప్రారంభించిన పనిని సాగించి, 1824లో యుద్ధక్రీడ నొకదానిని సైనిక ప్రముఖుల యెదుట ప్రదర్శించెను. పటముపై దిమ్మెలను సైన్యములుగా నిలిపి, పాచికలతో యాదృచ్ఛిక ఫలితములను నిర్ణయించి, తగవు తీర్చుటకు ఒక మధ్యవర్తిని నియమించుట అందలి పద్ధతి. నిజమైన యుద్ధమున చేసిన తప్పు ప్రాణములు తీయును. బల్లపై చేసిన తప్పు పాఠము నేర్పును. ఇదియే అట్టి ఆటల ప్రయోజనము.

ఇరువదవ శతాబ్దమున అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు జే హాల్ ఇటువంటిదే మరియొక అభ్యాసమును రూపొందించెను. చంద్రునిపై దారితప్పి దిగినవారికి 15 వస్తువులు మిగిలినవనుకొనుడు. వానిని ప్రాధాన్యక్రమమున అమర్చవలెను. ప్రాణవాయువు మొదటిది, నీరు రెండవది. అగ్గిపెట్టె అన్నిటికంటె కడపటిది. ఏలననగా గాలి లేనిచోట అగ్గిపుల్ల మండదు. భూమిపై మిక్కిలి ఉపయుక్తమైన వస్తువు పరిస్థితి మారినంతనే వ్యర్థమగుటను విద్యార్థి ఇందువలన గ్రహించును. అంతేకాక, ఒక్కొక్కరు వేరువేరుగా వ్రాసిన జాబితాలకంటె, నలుగురు చర్చించి వ్రాసిన జాబితా సాధారణముగా మేలుగా నుండుటయు తెలియవచ్చును.

ఇది కేవలము ఊహ కాదనుటకు 1970 ఏప్రిల్ నెలలో జరిగిన అపోలో 13 యాత్రయే సాక్ష్యము. భూమికి సుమారు 3 లక్షల 20 వేల కిలోమీటర్ల దూరమున నౌకలోని ఆమ్లజని తొట్టి ప్రేలినది. ముగ్గురు యాత్రికులు చంద్రునిపై దిగుటకై ఉద్దేశింపబడిన చిన్న నౌకలో తలదాచుకొనిరి. అది ఇద్దరికి రెండు దినములకు సరిపడునట్లు కట్టినది. అందు వారు విడిచిన బొగ్గుపులుసు వాయువు పేరుకొనసాగెను. ఆ వాయువును పీల్చుకొను లిథియమ్ హైడ్రాక్సైడ్ డబ్బాలు పెద్ద నౌకలో మిగిలియున్నవి. కాని అవి చతురస్రాకారమైనవి, చిన్న నౌకలోని అమరికలు గుండ్రనివి. భూమిపైనున్న ఇంజనీర్లు, నౌకలో ఏయే వస్తువులు ఉన్నవో లెక్క తీసి, ఆ వస్తువులనే ముందు పెట్టుకొని ఉపాయము పన్నిరి. ప్లాస్టిక్ సంచులు, పుస్తకముల అట్టలు, దుస్తుల గొట్టములు, అంటుపట్టీ: వీనితో చతురస్రమును వృత్తమునకు జతచేసిరి. చేయు విధానమును రేడియో ద్వారా చదివి వినిపించిరి. యాత్రికులు ఏప్రిల్ 17న క్షేమముగా సముద్రమున దిగిరి.

ఇందుండి గ్రహింపవలసినది రెండు మాటలు. ఏమి లేదని విచారించుటకంటె ఏమి ఉన్నదని లెక్కించుట ముందుపని. వస్తువు పేరును చూడరాదు, దాని గుణమును చూడవలెను.

శంషాబాదులో కురిసిన వాన

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. మరణములు 15,000 వరకు ఉండవచ్చునని అంచనా కలదు. అఫ్జల్‌గంజ్ చెంత నొక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో ఆ వృక్షమును నేటికిని చూపుదురు.

మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి కారణములను విచారింపజేసెను. ఆయన పరిశీలించిన వర్షపాతపు లెక్కలలో శంషాబాదునకు ప్రత్యేకస్థానము కలదు. అచ్చట 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వర్షము నమోదైనది. అనగా ఒక్క దినమున 32 సెంటీమీటర్లకు పైగా. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసిన, అది ఒక కోటి లీటర్ల నీరగును. పై లెక్క ప్రకారము చదరపు కిలోమీటరునకు 32 కోట్ల లీటర్లు!

అయినను వాన యొక్కటియే నాశనమునకు కారణము కాలేదు. ఆ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా 221 చెరువులకు గండ్లు పడినవి. మన చెరువులు గొలుసుకట్టుగా నిర్మింపబడినవి. పైచెరువు అలుగు పారిన నీరు క్రిందిచెరువును చేరును. సామాన్య కాలమున ఇది గొప్ప పొదుపు. కాని పైచెరువు కట్ట తెగినచో, నెలల తరబడి నిలిచిన నీరంతయు గంటలలో క్రిందిచెరువుపై బడును, అదియు తెగును. విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై శంషాబాదునకు చేరువలో హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

శంషాబాదులో 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. రహదారులు, గిడ్డంగులు, కాలనీలు వెలసినవి. నీరు ఇంకు నేల తగ్గినది. 2020 అక్టోబరు 13 రాత్రి నగరము చుట్టును కుంభవృష్టి కురిసినది. శంషాబాదు దారిలో గగన్‌పహాడ్ వద్ద అప్పాచెరువు కట్ట తెగి, జాతీయ రహదారి కోసుకొనిపోయినది, వాహనములు కొట్టుకొనిపోయినవి, ప్రాణనష్టము కలిగినది. కొద్దిదినములకే బాలాపూర్ చెంత గుర్రంచెరువునకును గండిపడినది. నూటపండ్రెండేండ్ల తరువాత కూడ పాఠము అదే.

ఆటను కూర్చుట

ఇప్పుడు బల్లపైకి వత్తము. ఆరు చిన్న గిన్నెలను వరుసగా పెట్టుడు. ఇవి గొలుసుకట్టు చెరువులు. చింతపిక్కలు నీరు. ప్రతి చెరువు 8 గింజలవరకు ఆపగలదు. దానికి మించినచో కట్ట తెగి, గింజలన్నియు క్రింది గిన్నెలో పడును. మూడు గిన్నెలలో ఏడేసి గింజలున్నవనుకొనుడు. మొదటి దానిలో రెండు గింజల వాన పడినది. 9 అయి అది తెగును. రెండవది 16 అయి తెగును. మూడవది 23 అయి తెగును. రెండు గింజల వాన ఇరువదిమూడు గింజల వరదగా మారినది! వామనగుంటల గణితమే ఇచ్చట జలశాస్త్రమైనది.

వానను నిర్ణయించుటకు అష్టాచెమ్మ పిక్కలు చాలును. నాలుగును బోర్లపడి 8 వచ్చు సంభావ్యత, రెండు ప్రక్కలును సమానముగా పడునని తలచినచో, పదునారింట ఒకటి. అట్లని పదునారు వేతలలో అది తప్పక ఒకసారి వచ్చునని కాదు, ఒకసారి వచ్చిన పిమ్మట పదునైదు వేతలవరకు రాదనియు కాదు. పదునారు వేతలలో కనీసము ఒకసారి వచ్చు అవకాశము నూటికి సుమారు 64 మాత్రమే. నూరేండ్లకొకసారి వచ్చు వరద యను మాటకు అర్థమిదియే. నిన్న వచ్చినదని రేపు రాకుండ పోదు. అరగదీసిన పిక్క రెండు వైపుల సమానముగా పడునో లేదో నూరుసార్లు వేసి లెక్కవ్రాయుట విద్యార్థులకు మంచి ప్రయోగము.

ప్రతి చెరువు క్రిందను ఒక్కొక్క ఆటగాని యిల్లు. ఒక్కొక్కరికి అయిదేసి వస్తువుల చీటీలు: మూతగల నీళ్ల డబ్బా, ఎండిన ఆనపకాయ బుర్ర, పాతచీర, అద్దము, ఈల, ఉప్పు, పంచదార, టార్చిలైటు మొదలగునవి. వస్తువును వాడువాడు అది ఏ ప్రకృతినియమము ననుసరించి పనిచేయునో చెప్పవలెను, తక్కినవారు ఆక్షేపింపవచ్చును, ఉపాధ్యాయుడు మధ్యవర్తి.

కొన్ని ఉదాహరణములు. గట్టిగా మూతపెట్టిన 20 లీటర్ల ఖాళీ డబ్బా, ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము, 20 కిలోగ్రాముల నీటిని తొలగించును. పెద్దవాని తల నీటిపై నిలుచుటకు సుమారు 7 కిలోగ్రాముల అదనపు ఉత్ప్లవనబలము చాలును. మన పల్లెలలో బావియీత నేర్చు పిల్లలు నడుమునకు బుర్రలు, బెండ్లు కట్టుకొనుటలోని రహస్యమిదియే. మూత లేని డబ్బాకు చీటీ చెల్లదు. నీరు నిండినంతనే దాని బలము పోవును.

పాతచీర సంగతి ఇంకను చిత్రమైనది. నాలుగు మడతలు పెట్టిన పాతచీరతో నీటిని వడగట్టినచో కలరా దాదాపు సగమునకు తగ్గినట్లు రీటా కాల్వెల్ బృందము బంగ్లాదేశ్ గ్రామములలో చేసిన పరిశోధన 2003లో వెల్లడించినది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకొని యుండును. ఆ జీవులు బట్టలో చిక్కును. ఉతికి ఉతికి పోగులు విచ్చుకొన్న పాతబట్ట క్రొత్తబట్టకంటె మేలు. అయినను కాచిన నీరు ఇంతకంటె క్షేమము. విరేచనములైనవానికి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఇచ్చుట ప్రాణరక్షకము.

ఒక హెచ్చరిక

ఇట్టి ఆటలో ఒక ప్రమాదము పొంచియున్నది. డబ్బా చేతనున్నది గదాయని పిల్లవాడు వరదలో దిగుటకు సాహసింపరాదు. వేగముగా పారు నీరు 15 సెంటీమీటర్ల లోతున్నను మనుష్యుని పడద్రోయగలదు. కారు అడుగుభాగము 6 చదరపు మీటర్లు, బరువు 1,000 కిలోగ్రాములు అనుకొందము. అడుగుభాగమునకు పైన నీరు 20 సెంటీమీటర్లు చేరినంతనే, నీరు లోనికి చొరకమునుపు, 1,200 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము దానిని పైకెత్తును. అది తేలును, ప్రవాహము ఎటు లాగిన అటు పోవును. కావున పారునీటిలోనికి తానై దిగిన ఆటగాడు వెంటనే ఆటనుండి తొలగవలెనను నియమము తప్పనిసరి.

అన్నిటికంటె శక్తిమంతమైన చీటీపై ఏ వస్తువు పేరును ఉండదు. "ముందే మెరకకు పోవుట" అని మాత్రము వ్రాసియుండును. అది అందరికిని దొరకునట్లు చేయవలెను. కాని దానికి వెల ఉండవలెను. దానిని వాడినవాడు రెండు వేతలు వదలుకొనవలెను. ఏలననగా నిజజీవితమునను అట్లే. ఇల్లు, పశువులు, దినకూలి విడిచి పోవుట కష్టము. వాన తగ్గిన నవ్వులపాలగుదుమను సంకోచమును కలదు. జనులు తెలియక మాత్రమే ఆగిపోరు. పోవుటకు తగిన వెల చెల్లింపలేక ఆగిపోవుదురు. ఈ సంగతి ఉపన్యాసముచే బోధపడదు. పైచెరువులో ఏడు గింజలున్నప్పుడు, తన వంతు వదలుకొందునా మానుదునా యని ఆలోచించు బాలునికి బోధపడును.

ఒక ఇంటివారు ఎన్ని చీటీలు కూర్చుకొన్నను పైగిన్నె తెగిన క్రిందివారందరును మునుగుదురు. కావున అందరును తమ వంతుల గింజలతో పైకట్టను బలపరచుకొను వీలును ఆటలో ఉంచవలెను. పులి-మేకలోని మేకలవలె, విడివిడిగా ఓడిపోవువారు కూడినప్పుడు గెలుతురు.

ఉపాధ్యాయులు తమ ఊరి చెరువుల పేర్లనే గిన్నెలపై వ్రాయించుట మంచిది. ఏ చెరువు నిండిన ఏ చెరువునకు నీరు పోవును, తమ యింటికి మెరకయగు తావు ఏది, అచ్చటికి నడచుటకు ఎంతసేపు పట్టును? పటము చూచియు, పెద్దలనడిగియు ఈ ప్రశ్నలకు విద్యార్థులే సమాధానములు తేవలెను. అందుకు వలయు ఖర్చు గుప్పెడు చింతపిక్కలు మాత్రమే.