దుమ్ము మాస్కు వార్డుకు చేరిన దారి

ఢిల్లీలో బేర్ సరాయ్ అనగానే సివిల్స్‌కు చదివే తెలుగు కుర్రాళ్లకు పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు, ఇరుకు అద్దె గదులు గుర్తొస్తాయి. ఆ సందులకు ఆనుకునే ఐఐటీ ఢిల్లీ ఉంది. 2020లో కరోనా వచ్చి ఎన్95 మాస్కులకు కటకట ఏర్పడినప్పుడు, అక్కడి టెక్స్‌టైల్ విభాగం అండతో పుట్టిన ఈటెక్స్ అనే స్టార్టప్ ‘కవచ్’ పేరుతో 45 రూపాయలకే ఒక మాస్కు తెచ్చింది. అదే విభాగం నుంచి వచ్చిన నానోసేఫ్ సొల్యూషన్స్ 50 సార్లు ఉతికి వాడుకునే మరో మాస్కు చేసింది. వైరస్‌ను ఆపడం డాక్టర్ల పని కదా, బట్టల చదువు చదివినవాళ్లకు అందులో ఏం పని అనిపించవచ్చు. కానీ ఈ మాస్కు కథ మొదటినుంచీ ఇలాగే నడిచింది. దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో చాలామంది వైద్యులు కారు. ఎక్కడో వేరే పనికి పుట్టిన సరుకును ఆసుపత్రి ఆలస్యంగా అరువు తెచ్చుకుంది.

1897లో బ్రెస్లావ్ నగరంలో సర్జన్ యోహాన్ మికులిచ్ మూతికి పలచటి గాజ్ గుడ్డ కట్టుకుని ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టాడు. మాట్లాడేటప్పుడు నోటి తుంపర్లతో సూక్ష్మజీవులు బయటికొస్తాయని ఆయన సహచరుడు కార్ల్ ఫ్లూగ్గె అప్పుడే నిరూపించాడు. అయితే ఆ గుడ్డ కాపాడింది రోగి గాయాన్ని, డాక్టర్ ఊపిరిని కాదు.

ఆ రెండో ఆలోచన 1910 చలికాలంలో మంచూరియాలో వచ్చింది. హార్బిన్ ప్రాంతంలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగింది. మొత్తం మీద 60 వేల మందిని బలిగొన్న మహమ్మారి అది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన డాక్టర్ వూ లియెన్ దె అక్కడికి వెళ్లి, ఇది ఎలుకల మీది ఫ్లీ అనే పురుగుల వల్ల కాదు, మనిషి దగ్గు నుంచే మనిషికి అంటుతోందని తేల్చాడు. దూదిని గాజ్ గుడ్డ పొరల మధ్య పెట్టి, ముఖానికి బిగించి కట్టుకునే మాస్కు తయారుచేయించాడు. ఫ్రెంచి డాక్టర్ మెస్నీకి ఆ మాట నచ్చలేదు. మాస్కు లేకుండానే రోగులను పరీక్షించి, కొద్దిరోజులకే అదే ప్లేగుతో చనిపోయాడు. ఆ తర్వాత వూ మాటకు ఎదురు చెప్పినవాళ్లు తగ్గారు.

అక్కడి నుంచి కథ ఆసుపత్రి గడప దాటి బయటికి వెళ్లిపోయింది. 1950లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో వాన్ వెంటె అనే శాస్త్రవేత్తకు ఒక పని పడింది. అణు పరీక్షల తర్వాత పై వాతావరణంలో తేలే రేడియోధార్మిక రేణువులను పట్టాలి. అందుకు అతి సన్నని పోగులు కావాలి. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి రంధ్రాల గుండా వదిలి, వేడి గాలితో బలంగా ఊదితే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులు వచ్చి ఒకదానిమీద ఒకటి పరుచుకున్నాయి. నేత లేదు, మగ్గం లేదు. మెల్ట్‌బ్లోన్ అని ఇప్పుడు మాస్కుల వ్యాపారంలో అందరి నోటా వినిపించే బట్ట అదే.

మాస్కు ఆకారం ఇంకో చోటినుంచి వచ్చింది. 3ఎం కంపెనీ నేయని బట్టతో బహుమతులకు చుట్టే రిబ్బన్లు చేసేది. ఆ బట్టను అచ్చుపోసి బ్రా కప్పులు చేయవచ్చని డిజైనర్ సారా లిటిల్ టర్న్‌బుల్ సూచించింది. ఆ రోజుల్లో జబ్బుపడ్డ తనవాళ్ల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ, నర్సులు మాటిమాటికీ మాస్కు తాళ్లు ముడివేసుకోవడం గమనించింది. కప్పు ఆకారం మాస్కుకు పనికొస్తుందని తట్టింది. 1961లో ఆ మాస్కు బజారులోకొచ్చింది గానీ సూక్ష్మజీవులను ఆపలేకపోవడంతో దుమ్ము మాస్కుగా అమ్ముడైంది. 1972లో మెరుగుపడి, పారిశ్రామిక కార్మికుల కోసం ప్రభుత్వ ఆమోదం పొందింది.

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. పోగులు దట్టంగా వేస్తే ఊపిరాడదు, పలచగా వేస్తే రేణువులు దూరిపోతాయి. బట్టకు విద్యుదావేశం ఎక్కించడమే దానికి మందు. తైవాన్‌లో పుట్టి టెనెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ త్సాయ్ 1990లలో మెల్ట్‌బ్లోన్ బట్టకు ఆవేశం పట్టించి నిలబెట్టే మెరుగైన పద్ధతి కనిపెట్టాడు. పోగులు పెంచకుండానే వడపోత పది రెట్లు మెరుగైంది. ఆయన అది చేసింది గాలి ఫిల్టర్ల కోసం.

ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. కరోనా వైరస్ 0.1 మైక్రాన్ ఉంటుంది, మాస్కును పరీక్షించేది 0.3 మైక్రాన్ రేణువుతో, మరి వైరస్ దూరిపోదా? మాస్కు జల్లెడ కాదు. పెద్ద రేణువులు వేగంగా వచ్చి పోగులకు కొట్టుకుంటాయి. మరీ చిన్నవి అటూ ఇటూ తడబడుతూ పోగులకు అంటుకుంటాయి. ఈ రెంటికీ దొరక్కుండా జారిపోయేవి 0.3 దగ్గరి మధ్యస్థ రేణువులే. వాటిలో కనీసం 95 శాతం ఆపితేనే 95 అన్న అంకె. ఇలా ఆవేశం పట్టించిన మాస్కును సబ్బుతో ఉతికినా, స్పిరిట్ చల్లినా ఆ ఆవేశం పోతుంది, మాస్కు పైకి మాత్రం కొత్తదానిలాగే కనబడుతుంది.

ఆసుపత్రికి ఈ మాస్కు టీబీ ద్వారా చేరింది. అమెరికా ఆసుపత్రుల్లో మందులకు లొంగని క్షయ సిబ్బందికి పాకడంతో 1990లలో ఈ తరహా మాస్కులు, అంటే రెస్పిరేటర్లు, తప్పనిసరి అయ్యాయి. ఎన్95 అన్న పేరు 1995 ప్రమాణాలతో వచ్చింది. 2003లో సార్స్ సోకినవారిలో ఐదింట ఒక వంతు వైద్య సిబ్బందే కావడంతో ఆ పాఠం వైరస్‌లకూ వర్తిస్తుందని రుజువైంది. కరోనా కాలంలో హైదరాబాద్ సీసీఎంబీ, చండీగఢ్ ఇమ్‌టెక్ శాస్త్రవేత్తలు ఆసుపత్రుల గాలిని పట్టి పరీక్షించారు. రోగులున్న గదుల గాలిలో వైరస్ దొరికింది, గదిలో రోగులు పెరిగినకొద్దీ దొరకడమూ పెరిగింది. తుంపర్లు రెండు మీటర్లలో రాలిపోయినా సూక్ష్మ కణాలు పది మీటర్ల దాకా పోగలవని 2021 మేలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం హెచ్చరించి, కిటికీలు తెరవమంది.

ఇన్ని చేతులు పడ్డా ఈ ఆవిష్కరణలో చివరి మెట్టు ఫ్యాక్టరీలో పూర్తికాదు. బుగ్గ పక్కన సందుంటే గాలి బట్టను వదిలేసి ఆ సందులోంచే వెళుతుంది. అది తెలుసుకోవడానికి ఫిట్ టెస్ట్ ఉంది. మాస్కు పెట్టుకున్న మనిషి తల చుట్టూ తొడుగు వేసి లోపలికి సాక్రిన్ తుంపర వదులుతారు. నాలుకకు తీపి తగిలిందంటే మాస్కు కారుతున్నట్టే, వేరే సైజు వెతకాలి. దగ్గే రోగికి మామూలు సర్జికల్ మాస్కు, దగ్గరగా చూసే నర్సుకు ఫిట్ టెస్ట్ దాటిన ఎన్95, ఇద్దరి మధ్యా ఆడే గాలి: ఈ మూడూ కలిస్తేనే వార్డుకు రక్షణ. టెండరు పిలిచి అట్టపెట్టెలు దించుకోవడంతో పని అయిపోయిందనుకునే ఆసుపత్రి నూటపాతికేళ్ల శ్రమను బుగ్గ దగ్గరి సందులోంచి పారబోసుకున్నట్టే.