సికింద్రాబాదులో ఒక మైక్రోస్కోపు

మైక్రోస్కోపులో కన్ను పెడితే చాలు, అన్నీ కనపడతాయని చాలామంది అనుకుంటారు. మా జార్జి టౌన్ బడిలో ఉల్లిపొర స్లైడు పెట్టిన మొదటి రోజు మాలో సగం మందికి కనిపించింది గాలి బుడగలే. కవర్ స్లిప్పును ఏటవాలుగా మెల్లగా దించాలని టీచరు చూపించాకే కణాలు కనిపించాయి. మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ గారికి కూడా ఇలా ఒకరు చూపించాల్సి వచ్చింది.

ఆయన 1881లో డాక్టరుగా మద్రాసు వచ్చారు. అంతకు ముందు ఏడాదే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశారు. రాస్ గారికి మాత్రం ఇండియాలో ఎంత వెతికినా అది దొరకలేదు. అసలు అలాంటిది ఉందా అని అనుమానపడ్డారు కూడా! 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ గారు స్వయంగా చూపించాకే నమ్మారు.

తిరిగొచ్చి దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. 1897 ఆగస్టు, సికింద్రాబాదు. ఒకటే ఉక్క. పంకా ఊపితే కోసిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా కూడా లేదు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ బీటలు వారింది. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమలతో కుట్టించుకుంటే, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. (ఈయన పేరు ఎంతమందికి తెలుసు?)

ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఆ రేణువులు ఆయనకి కొత్త కాదు, మలేరియా రక్తంలో చూసినవే. లండన్‌లో నేర్చుకోకపోయి ఉంటే ఆ రోజు చూసి కూడా పట్టించుకునేవారు కాదేమో అని నాకనిపిస్తుంది.

1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.