ఒక్కడు గెలిస్తే సరిపోదు

2019 ఫిబ్రవరి. ఒక విమానాశ్రయంలో డబ్బు మార్చే కౌంటర్ ముందు పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో పాకిస్తాన్ రూపాయలు. అవి ఇక్కడ చెల్లవని కౌంటర్ వెనకాల మనిషి తల అడ్డంగా ఊపాడు. జేబులో డబ్బుంది, కడుపులో ఆకలి ఉంది. మధ్యలో ఆ నోటును తీసుకునేవాడే లేడు.

ఆ కుర్రాడు లాహోర్ నుంచి బయల్దేరిన అర్స్లాన్ సిద్దిఖ్. ఆటలో పేరు అర్స్లాన్ ఆష్. వెళ్తున్నది జపాన్‌లోని ఫుకువోకాకు, 'ఇవో జపాన్' పోటీకి. వీసా ఆలస్యంగా చేతికొచ్చింది. దాంతో నేరుగా వెళ్లే దారి లేక విమానాలు మారుతూ, ఎదురుచూస్తూ వెళ్లాడు. ఫుకువోకాలో దిగేసరికి ఒళ్లు హూనమైంది, నిద్ర లేదు. పోటీ మాత్రం ఆగదు కదా!

అతను ఆడే ఆట టెక్కెన్. తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు. రౌండుకు 60 సెకన్లు. మూడు రౌండ్లు గెలిస్తే ఒక గేమ్. మామూలు మ్యాచ్‌లో రెండు గేములు, చివరి పోరుల్లో మూడు గేములు గెలవాలి. సెకనులో అరవయ్యో వంతుతో లెక్కలు కట్టే ఆట ఇది. దెబ్బ పడకముందే దాన్ని చదవాలి. అప్పటిదాకా ఈ ఆటకు పెద్దలంటే కొరియా వాళ్లు, జపాన్ వాళ్లే. పాకిస్తాన్ పేరు ఎవరి లెక్కలోనూ లేదు.

ఫిబ్రవరి 17. వేదిక మీద చివరి పోరు. ఎదురుగా ఫిలిప్పీన్స్ ఆటగాడు ఏకే. ఎవరికీ పెద్దగా తెలియని లాహోర్ కుర్రాడు గెలిచేశాడు. అంతా అవాక్కయ్యారు. కానీ ఆ రోజు కప్పు కన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది గెలిచాక అతను అన్న మాట. మా దేశంలో నాతో సమానంగా ఆడేవాళ్లు, నన్ను ఓడించేవాళ్లు ఇంకా ఉన్నారన్నాడు.

ఆ మాటను నమ్మినవాళ్లు కొద్దిమందే. వినయం కొద్దీ అన్నాడని కొందరు, గొప్పలు పోతున్నాడని ఇంకొందరు అనుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్‌లో ప్రధాన 'ఇవో' పోటీ జరిగింది. అక్కడ చివరి పోరులో కొరియా దిగ్గజం 'నీ', అంటే బే జే-మిన్‌ను ఓడించి మళ్లీ గెలిచాడు. ఒకే ఏడాదిలో రెండు ఇవోలు. అతని ప్రతిభ మీద ఇక ఎవరికీ అనుమానం లేదు. అతను చెప్పిన మిగతావాళ్ల సంగతి మాత్రం తేలలేదు.

అనంతపురం రైతుకు ఈ చిక్కు తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే నేల మనది. ఊళ్లో ఒక్కడి చేనులో బోరు పడితే ఆ ఊరికి నీళ్లున్నాయని ఎవరూ అనరు, వాడి అదృష్టం అంటారు. పక్కపక్కనే మూడు బోర్లు పడితే అప్పుడు నేలలోనే నీరుందని ఒప్పుకుంటారు. ఒంటరి పోటీ ఒక్క బోరు సంగతే చెప్పగలదు. నేల సంగతి చెప్పేది జట్టు పోటీ.

అర్స్లాన్ పెరిగింది లాహోర్ గేమ్ షాపుల్లో. టెక్కెన్‌కు ముందు అతని ఆట 'కింగ్ ఆఫ్ ఫైటర్స్'. మన సీమ పట్టణాల్లో బస్టాండు పక్క సందుల్లో కాయిన్ వేసి 'ముస్తఫా' ఆడిన వాళ్లకు ఆ వాతావరణం చెప్పనక్కర్లేదు. చీకటి గది, చెమట వాసన, జాయ్‌స్టిక్ టకటకలు, కుర్చీ వెనక నిలబడి సలహాలిచ్చే నలుగురు. అక్కడి చట్టం ఒక్కటే: గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేచి ఇంకో కాయిన్ తీస్తాడు. డబ్బు తక్కువున్నవాడికి ఓటమి ఖరీదైనది. అందుకే ప్రతి ఆటా ప్రాణం పెట్టి ఆడతారు.

ఆ 'కింగ్ ఆఫ్ ఫైటర్స్' పుట్టుకే జట్టుగా పుట్టింది. 1994 ఆగస్టులో ఒసాకాకు చెందిన ఎస్‌ఎన్‌కే కంపెనీ దాన్ని విడుదల చేసింది. దేశాల పేర్లతో ఎనిమిది జట్లు, జట్టుకు ముగ్గురు. మొదటివాడు పడిపోతే రెండోవాడు వస్తాడు. గెలిచినవాడు కొద్దిగా కోలుకున్న ప్రాణంతో అక్కడే నిలబడి అతన్ని ఎదుర్కోవాలి. ఎవరిని ముందు దింపాలి, ఎవరిని చివరికి దాచాలి అన్నదే సగం ఆట. మరుసటి ఏడాది వచ్చిన భాగంలో ఏ ముగ్గురినైనా కలిపి సొంత జట్టు కట్టుకునే వీలు కల్పించారు. అప్పటి నుంచి ఆడేవాడు కొట్టడంతో పాటు జట్టు కూర్చడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

గెలిచినవాడే నిలబడి తర్వాతివాణ్ని ఎదుర్కొనే ఈ పద్ధతి జూడో, కెండో పోటీల్లో ఎప్పటి నుంచో ఉంది. ముగ్గురి జట్టులో ముందు దిగేవాడు సెంపో, నడిమివాడు చూకెన్, ఆఖరివాడు తైషో. గెలిచినవాడు నిలిచే ఈ పోరులో ఇద్దరు సహచరులు కూలిపోయినా తైషో ఒక్కడే అవతలి ముగ్గురినీ వరసగా పడగొట్టవచ్చు. చూడ్డానికి ఇంతకన్నా ఉత్కంఠ ఉండదు. అయితే ఒక లోపముంది. జట్టులో ఒక్క మొనగాడు ఉంటే మిగతా ఇద్దరి బలహీనత దాగిపోతుంది.

రెండో పద్ధతి జోడీ పోరు. ఒకటో వాడు ఒకటో వాడితో, రెండో వాడు రెండో వాడితో ఆడతారు. మూడింట రెండు గెలిచిన జట్టుదే విజయం. ఇక్కడ మొనగాడు తెచ్చేది ఒక్క గెలుపే, రెండోది మిగిలిన వాళ్లలో ఎవరో తేవాలి. జపాన్ స్ట్రీట్ ఫైటర్ లీగ్ దీనికి ఇంకో మెలిక పెట్టింది. మొదటి రెండు పోరులకు చెరి 10 పాయింట్లు, తైషో పోరుకు 20. బయటి జట్టు తన వరసను ముందే చెప్పాలి. అది చూసుకుని సొంతగడ్డ జట్టు తన వరస వేసుకుంటుంది. దాంతో పోరు మొదలవకముందే బుర్రలు పని చేయాలి.

జట్టు పోరు లెక్కలు ఎలా తలకిందులు చేస్తుందో 2021లో టోక్యో ఒలింపిక్స్ చూపించింది. జూడోలో మిశ్రమ జట్ల పోటీ పెట్టడం అదే తొలిసారి. జట్టుకు ముగ్గురు పురుషులు, ముగ్గురు మహిళలు. వ్యక్తిగత పోటీల్లో తొమ్మిది స్వర్ణాలు ఎగరేసుకుపోయిన జపాన్, సొంతగడ్డ మీద ఆ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 4-1తో ఓడిపోయింది.

మళ్లీ అర్స్లాన్ మాట దగ్గరికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్ జరిగాయి. గెలిచింది ఇంకో పాకిస్తాన్ ఆటగాడు, ఆతిఫ్ బట్. రెండో బోరు పడింది. అదే ఏడాది రియాద్‌లో గేమర్స్8 అనే వీడియో గేమ్‌ల ఉత్సవం జరిగింది. కదిరి, రాయచోటి వైపు ఇళ్లకు రియాద్ కొత్త పేరేం కాదు, గల్ఫ్ ఉత్తరాల్లో, ఫోన్లలో ఎన్నాళ్లుగానో వింటున్నదే. అక్కడ ఈసారి టెక్కెన్ 7 నేషన్స్ కప్ పెట్టారు. దేశానికి ముగ్గురు. మొత్తం బహుమతి 10 లక్షల డాలర్లు.

పాకిస్తాన్ తరఫున అర్స్లాన్ ఆష్, ఆతిఫ్ బట్, ఖాన్ దిగారు. ఒక్కొక్క మ్యాచ్ దాటుకుంటూ ఫైనల్‌కు చేరారు. ఎదురుగా నిలిచింది దక్షిణ కొరియా, ఏళ్ల తరబడి ఈ ఆటను ఏలిన దేశం. లాస్ వేగాస్‌లో ఒక కొరియా దిగ్గజాన్ని ఓడిస్తే ఆ రోజు అర్స్లాన్‌కు కలిసొచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఇక్కడ దేశానికి దేశం ఎదురు. ఒకడు తడబడితే ఇంకొకడు నిలబెట్టాలి, నిలబెట్టగలవాడు ఉండాలి.

ఉన్నారు. పాకిస్తాన్ గెలిచింది. ఫుకువోకాలో నాలుగేళ్ల కింద చెప్పిన మాట వినయమూ కాదు, గొప్పా కాదు, నిజమని తేలిపోయింది. డబ్బు మారని విమానాశ్రయం నుంచి మొదలైన ప్రయాణం, 5 లక్షల డాలర్ల మొదటి బహుమతి దగ్గరికి చేరింది. ఈసారి ముగ్గురు కలిసి చేరారు.

ఈ కథ మన దగ్గర ఎందుకు చెప్పుకోవాలి? మన ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు కూడా ఇచ్చారు. స్ట్రీట్ ఫైటర్‌లో భారత్ తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. మంచి ఆటగాళ్లు మన దేశంలో ఉన్నారు. కానీ ఎక్కడో ఒకరు, ఇంకెక్కడో ఒకరు. పక్క కుర్చీలో కూర్చుని రోజూ ఓడించే తోటివాడు లేకపోతే ఎంత ప్రతిభైనా ఒక దశ దగ్గర ఆగిపోతుంది. లాహోర్ కుర్రాళ్లకు పెద్ద అకాడమీలేం లేవు. ఒకరికొకరు ఉన్నారు.

అనంతపురం జేఎన్‌టీయూలోనో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, ఏ డిగ్రీ కాలేజీ పండగలోనో టెక్కెన్ పోటీ పెట్టేవాళ్లకు ఒక్క మనవి. పేర్లు ఒక్కొక్కటి కాకుండా ముగ్గురేసి రాయించుకోండి. జట్టులో ఒక్క అమ్మాయైనా ఉండాలని నిబంధన పెట్టండి, గేమ్ షాపుల కాలంలో వాళ్లకు ఆ గది గడపే దక్కలేదు. తొలి రౌండ్లు జోడీ పోరుగా ఆడించండి, అప్పుడు మూడోవాడు కూడా సాధన చేసి రావాల్సి వస్తుంది. ఫైనల్ మాత్రం గెలిచినవాడు నిలిచే పోరుగా పెట్టండి, హాలు నిండుతుంది. దీనికి అదనంగా రూపాయి ఖర్చు లేదు. ఒంటరి పోటీలో ఓడినవాడు ఇంటికి పోతాడు. జట్టు పోటీలో ఓడినవాడు మర్నాడు తన ఇద్దరితో కలిసి మళ్లీ కూర్చుంటాడు. ఆటగాళ్లు తయారయ్యేది ఆ మర్నాడే.